ఖాళీ పేజీ కోసం మన్సూరాబాద్ దాకా

కాశీకి పోయి వచ్చినవాళ్లు యాత్ర రాస్తారు. నేను మన్సూరాబాద్ పోయి వచ్చి రాస్తున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణం మెట్ల నుంచి అక్కడికి ఏడెనిమిది కిలోమీటర్లకు మించదు. నాకు మూడు రోజులు పట్టింది. ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె జరుగుతున్న రోజులు కనుక బస్సులు లేవు. ఆటోవాళ్లు అడిగినంత ఇవ్వడం మా వంశంలో లేదు. అందుకని నడిచాను. అట్లా మిగిల్చినదంతా తెగిన చెప్పుకీ, తాగిన చాయ్‌లకీ సరిపోయిందని ముందే ఒప్పుకుంటున్నాను.

బయలుదేరక ముందు: దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్

మాది మ్యాచింగ్ సెంటర్. చీర తెచ్చి చూపిస్తే దానికి సరిపడే జాకెట్టు గుడ్డ, లైనింగు, ఫాల్సు ఇస్తాం. నల్లగొండ జిల్లా పల్లెటూరి నుంచి వచ్చి మా నాయిన నర్సయ్య పెట్టిన దుకాణం. నేను పుట్టింది ఇక్కడే. నడక నేర్చింది గుడ్డ తానుల మధ్య. చీరల బేరానికి వచ్చేవాళ్లలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ కాబట్టి నాయిన చిన్నప్పుడే నాకు ఒక సూత్రం చెప్పాడు. గిరాకీ ఎట్లా మాట్లాడితే అట్లానే జవాబివ్వాలి, గుడ్డతో పాటు మాట కూడా మ్యాచింగే. అందుకని కౌంటర్ మీద నేను "రండి, కూర్చోండి, ఏం చూపించమంటారు" అంటాను. షట్టర్ దించాక "ఏంది నాయినా, ఆకలైతలేదా" అంటాను. ఈ రెంటిలో ఎక్కడా అతుకు కనపడనివ్వనని నాకు గర్వం.

సమ్మెలో షట్టర్లు సాయంత్రం రెండు గంటలే తెరిచేవాళ్లం. ఊసుపోక ఫుట్‌పాత్ మీద పుస్తకాలు చూస్తుంటే పరీక్షల గైడ్ల కింద ఒక నవల కనపడింది. పేరు 'నూటనాలుగు తలుపులు'. వెనక అట్ట చిరిగిపోయింది. రచయిత పేరు ఉండాల్సిన చోట 'ఈ ఊర్ల తిరిగినోడు' అని ఉంది. పుస్తకాలమ్మే అతను నలభై చెప్పాడు. నేను పేజీలు తిప్పాను. మధ్యమధ్య తెల్లగా ఉన్నాయి.

"ఇదేంది, అచ్చే పడలేదు?" అన్నాను.

"మిస్‌ప్రింట్ ఉంటదక్కా."

మిస్‌ప్రింట్ అన్న మాట వాడి నోటితోనే రావాలని నేను కాచుకున్నాను. మిస్‌ప్రింటు సరుకుకు నలభై ఎవరిస్తారని అడిగి, చిరిగిన అట్ట చూపించి, నాలుగడుగులు నడిచిపోయినట్టు నటించి, పదిహేనుకు తెచ్చాను. ఆ పూటంతా ఇంట్లో ఆ ధర చెప్పుకుని తిరిగాను.

నాయిన కళ్లలో శుక్లాలు. అందుకని పైకి చదివి వినిపించడం మొదలుపెట్టాను. చదవడం మొదలుపెట్టగానే నాకు చిరాకు వచ్చింది. కథ లేదు. ఒక పోస్ట్‌మాన్ ఒక్క రోజు ఊరంతా తిరుగుతాడు. అధ్యాయాలకు అంకెలు లేవు, ఇంటి నంబర్లే. గడప దగ్గర నిలబడితే ఏం వినపడిందో, ఏం కనపడిందో అంతే. ప్రతి ఇంట్లో "మాకేమన్న ఉన్నదా?" అని అడుగుతారు. "ఏం లేదు" అని ఇతను పోతాడు. ఒక ఇంటి అధ్యాయమంతా గోడ మీద ఆరేసిన వస్తువుల పేర్లే. ఇంకో ఇంట్లో ఒక ముసలామె మాటకు రెండు పేజీల దాకా చుక్క ఉండదు. నూటనాలుగు ఇళ్లలో తొమ్మిదింటికే ఉత్తరాలు వస్తాయి. ఏ ఉత్తరంలో ఏముందో మనకు చెప్పడు. డబ్బా చూపించి సరుకు చూపించని వ్యాపారం ఇదేం వ్యాపారమని నేను పుస్తకం మూయబోయాను.

"చదువు," అన్నాడు నాయిన. "ఇది మనూరు. రాసింది తపాలా పెంటన్న."

పెంటన్న అంటే ఆ ఊరి పాత పోస్ట్‌మాన్ పెంటయ్య. ఊరి పేరు పుస్తకంలో ఎక్కడా లేదు. ఇళ్ల వరుసను బట్టి గుర్తుపట్టాడు. ఆ తరువాత చదవడం వేరే అయింది. నేను ఒక ఇల్లు చదవగానే తరువాతి ఇల్లు ఎవరిదో నాయిన ముందే చెప్పేవాడు. నాకు కూడా రెండో రోజుకు మార్పు వచ్చింది. మేం షట్టర్ దించాక మాత్రమే మాట్లాడుకునే మాటలు అచ్చులో, పెద్ద అక్షరాల్లో ఉన్నాయి. గట్లనే, ఎటుపాయె, జర ఆగు. ఎవరినీ బతిమాలుకోకుండా, అర్థాలు చెప్పకుండా నిలబడి ఉన్నాయి. ఒకచోట ఆపి, ఆ పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. మంచి పట్టు తానును చూసినప్పుడు అట్లా చేస్తాం.

4-36 మా పక్కింటివాళ్లది. వాళ్ల కుంటి బర్రె గురించి రెండున్నర పేజీలు.

"ఇగ మనది," అని నాయిన ముందుకు జరిగి కూర్చున్నాడు.

పేజీ తిప్పాను. తెల్లగా ఉంది. కింద మూలలో 4-37 అన్న అంకె తప్ప ఏమీ లేదు.

"చదువు."

"ఏం లేదు నాయినా."

"ఏం లేదంటే?"

"ఖాళీ ఉన్నది."

"పక్కింటోళ్ల బర్రెకు గూడ కథ ఉన్నది. మనకు లేదా," అన్నాడు. పుస్తకం పక్కకు పెట్టమన్నాడు. మర్నాడు కూడా చదవమనలేదు. ముప్పయ్యేళ్లకు పైగా ఆ ఊరి పేరు చెప్పుకుని బతికిన మనిషి. ఆ ఊరు పుస్తకమైతే అందులో తన ఇల్లు మాత్రం తెల్లకాగితం. పెంటయ్యను పట్టుకుని ఎందుకట్లా చేశావని అడిగి రావాలని నేను బయలుదేరాను. ఆయన ఇప్పుడెక్కడ ఉంటాడో నాయినకు తెలియదు. పుస్తకం లోపలి పేజీలో సైదాబాద్ ప్రెస్సు పేరు మాత్రం ఉంది.

మొదటి రోజు: సైదాబాద్

మా దుకాణం పక్క పేటే అయినా ఈ పాతికేళ్లలో సందులు ఇంకా ఇరుకయ్యాయి. ప్రెస్సు ఒక ఇంటి కింది గదిలో ఉంది. శుభలేఖలు, కరపత్రాలు అచ్చేస్తారు. ఆ రోజుల్లో కరపత్రాలే ఎక్కువ. యజమాని ఖాదర్ భాయ్ సాసర్‌లో చాయ్ పోసి ఇచ్చాడు. మా వైపు చాయ్ గ్లాసులో ఇచ్చి, తాగేలోపు బేరం ముగిస్తాం. ఇక్కడ సాసర్ చల్లారేదాకా అసలు మాట మొదలుకాదు.

పుస్తకం చూడగానే నవ్వాడు. "ఈ బుక్కు నన్ను మస్తు పరేషాన్ చేసిందమ్మా. ఖాళీ పేజీలు పదిహేడు. తీసేద్దాం పెద్దాయనా, కాయితం ఖర్చు తగ్గుతదన్న. వద్దన్నడు. నంబర్ ఉండాలె, ఇంకొక్క అక్షరం ఉండొద్దన్నడు. తెల్ల కాయితానికి గూడ పైసలు కట్టిండు."

"తెల్ల కాగితానికి పూర్తి ధరా?"

"పూర్తి ధర."

నాకు పెంటయ్య మీద మొదటిసారి జాలి కలిగింది. ఆ వెంటనే నేను ఆ ఖాళీ పేజీలు చూపించే కదా ధర తగ్గించానన్నది గుర్తుకొచ్చి చాయ్ పొలమారింది.

ఇంటి అడ్రస్ ఆయన దగ్గర లేదు. "చైతన్యపురిల ఒక కర్రీ పాయింట్ ఉన్నది. ఆంధ్రా అమ్మది. గాడ ఒక కట్ట ఇయ్యమంటే మా మనిషి ఇచ్చొచ్చిండు. ఆమెకు తెలుస్తది," అన్నాడు. సాయంత్రం షట్టర్ తీసే వేళయింది. వెనక్కి తిరిగాను.

రెండో రోజు: చైతన్యపురి

కోచింగ్ సెంటర్లు మూతపడి, హాస్టళ్ల పిల్లలు ఊళ్లకు పోయి, మెయిన్ రోడ్డు పండగ మర్నాటి పందిరిలా ఉంది. కర్రీ పాయింట్ సగం షట్టర్ ఎత్తి ఉంది. లోపల వెంకటరత్నం గారు, యాభై దాటిన ఆవిడ, గోంగూర వలుస్తున్నారు. పప్పు ప్యాకెట్ పదిహేను, వేపుడు ఇరవై. పచ్చడి సీసాల పక్కన 'నూటనాలుగు తలుపులు' పది కాపీలు నిలబెట్టి ఉన్నాయి.

"ఏమండీ, ఈ పుస్తకాలు అమ్ముడుపోతున్నాయా?" అన్నాను, అలవాటైన కౌంటర్ గొంతుతో.

"ఎక్కడమ్మా. కూర కొన్నవాళ్లకి ఊరికే ఇస్తానన్నా తీసుకోరు. పెద్దాయన మొహం చూసి పెట్టుకున్నాను. మాది గుంటూరు దగ్గర. నువ్వూ అటేగా, మాట చూస్తే?"

మామూలుగా అయితే అవునని చెప్పి రెండు రూపాయలు తగ్గించుకునేదాన్ని. ఆ రోజెందుకో నోరు రాలేదు. "కాదమ్మా. మాది ఈ పుస్తకంలో ఉన్న ఊరే," అన్నాను.

ఆవిడ చేతిలో గోంగూర కట్ట ఆగింది. బయట ఎవరో నినాదాలిస్తూ బండ్ల మీద పోయారు. ఆ శబ్దం దాటిపోయేదాకా ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు.

"కూర్చో," అన్నారు తరువాత. "అన్నం తింటావా? మెతుకు దొరకనట్టు నడిచొచ్చావు."

వడ్డనలో ఆవిడ పద్ధతి వేరు. మేం కూర ఎంత కలుపుకుంటే అంత కలుపుకుని లేస్తాం. ఆవిడ ముందు పప్పు, ఆ మీద పచ్చడి, పులుసు, పెరుగు అని వరుస తప్పనివ్వలేదు. నేను పప్పులోనే గోంగూర కలపబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. డబ్బులివ్వబోతే తీసుకోలేదు. బేరమాడడానికి ధరే లేకపోతే నాకు అన్నం సరిగ్గా దిగదు.

"చదివారా పుస్తకం?"

"హాస్టల్ పిల్లలు లేరుగా, ఖాళీయే. చదివాను. సగం మాటలు తెలియలేదు, పెద్దాయన్ని అడిగితే చెప్పడు, మళ్లీ చదవమంటాడు. ఆ రెండు పేజీలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే ముసలావిడ ఉందే, అచ్చం మా అత్తగారు."

"మరి ఆ ఖాళీ పేజీలు?"

"అవా? తాళమేసిన ఇళ్లేమోనమ్మా. పోస్టు ఆయన వచ్చేసరికి మనిషి లేకపోతే ఏం రాస్తాడు?" అని పెరుగు గిన్నె జరిపారు. "మా ఊళ్లో మా ఇంటికీ తాళమే. ఎవరన్నా రాస్తే దానికీ తెల్ల కాగితమే మిగిలేది."

ఊరు నాది, యాస నాది, పుస్తకం నాది అని రెండు రోజులుగా తల ఎత్తుకు తిరుగుతున్నాను. పదిహేడు ఖాళీ పేజీల అర్థం చెప్పింది గుంటూరావిడ. పెంటయ్య ఇంటి గుర్తులు కూడా ఆవిడే చెప్పారు. ఎల్బీనగర్ చౌరస్తా దాటి, మన్సూరాబాద్‌లో నీళ్ల ట్యాంకు వెనక, ఆకుపచ్చ గేటు.

ఇంటికి వచ్చి నాయినకు సంతోషంగా చెప్పాను. "మర్చిపోలేదు నాయినా. ఆ దినం మన ఇంటికి తాళం ఉండెనంట."

"మన ఇంటికి తాళమా? మీ అమ్మ బావి కాడికి పోయినా తలుపు దగ్గరేసి పోయేది గని తాళం ఏసేది కాదు," అని ఆగాడు. "ఒక్కపారి ఏసింది."

నేను లేవబోతుంటే, "రేపు పోతవా?" అన్నాడు.

"పోత."

"పో."

మూడో రోజు: ఎల్బీనగర్ చౌరస్తా

చౌరస్తాకు ముందే చెప్పు తెగింది. చెట్టు కింద కుట్టే ఆయన పది రూపాయలన్నాడు. ఐదన్నాను. "సమ్మెల నేనొక్కణ్నే కూసున్న. ఇంకో కొట్టు చూసుకో పో," అన్నాడు. ఇంకో కొట్టు లేదు. పది ఇచ్చాను. పోటీ లేని సరుకుకు బేరం లేదన్న సూత్రం మా నాయినదే.

చౌరస్తాలో రోడ్డు మీదే వంట చేస్తున్నారు. వంటా వార్పు అనేవాళ్లు దాన్ని. బండ్లు పోవాల్సిన చోట పొయ్యిలు వెలిగించి, పెద్ద గంజుల్లో పప్పు, అన్నం వండి, వచ్చేపోయేవాళ్లందరికీ పెట్టడం. మా వైపు అన్నం ఇంటి లోపలి సంగతి. వీధిలో తింటే దిష్టి అంటారు. ఇక్కడ నాలుగు దారుల కూడలిలో వందలమంది వరుసగా కూర్చుని తింటున్నారు. గరిటె పట్టుకున్న ఒకామె నన్ను ఆపింది.

"ఎటు పోతున్నవక్కా, తిని పో."

"పనున్నదమ్మా, మన్సూరాబాద్ పోవాలె."

"మన్సూరాబాద్ ఏడికి పోదు. కూసో."

కూర్చున్నాను. చౌరస్తా మధ్యలో నా దుకాణం గొంతు కాకుండా ఇంటి గొంతుతో జవాబిచ్చానని విస్తరి ముందు కూర్చున్నాకే గమనించాను. చుట్టూ అదే మాట. పుస్తకంలోని పేజీలు లేచి వచ్చి పప్పన్నం తింటున్నట్టుంది. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, రెండోసారి వడ్డించుకున్నాను.

మన్సూరాబాద్

ఆకుపచ్చ గేటు తీసే ఉంది. పెంటయ్యకు డెబ్బై పైనే ఉంటాయి. సన్నగా, నడిచి నడిచి అరిగిన మనిషి. చూరుకు వేలాడదీసిన పాత ఖాకీ సంచిలో ఇప్పుడు ఉల్లిగడ్డలున్నాయి.

"ఎవరి బిడ్డవు?"

"నర్సయ్య బిడ్డను. 4-37."

నీళ్లిచ్చి, నా చేతిలో పుస్తకం చూసి, "ఎంతకు కొన్నవ్?" అన్నాడు.

నా జన్మలో కొన్న ధర ఎక్కువ చేసి చెప్పింది అప్పుడే. "ఎనభై," అన్నాను.

"ఎనభైయా? నేను అట్ట మీద ధర ఏసిందే అరవై గద బిడ్డా."

ధర ఉండే వెనక అట్ట చిరిగిపోయిన పుస్తకం కొంటే వచ్చే నష్టమిది. ఇక దాచలేక పదిహేను అని, ఖాళీ పేజీలు లోపమని చూపించి తగ్గించానని చెప్పాను. ఆయన చాలాసేపు నవ్వాడు. దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

తరువాత లోపలికి పోయి తన కాపీ తెచ్చాడు. అందులో ఖాళీ పేజీలు ఖాళీగా లేవు. రకరకాల చేతిరాతలు. ఒకచోట రెండే వాక్యాలు, ఒకచోట ఏమీ రాయకుండా వేలిముద్ర.

"ఆ దినం తాళమేసి ఉన్నోళ్లు పదిహేడు ఇండ్లోళ్లు. చూడంది నేను రాయ. ఉత్తరంల ఏమున్నదో తెల్సినా రాయ, అది నాది గాదు. ఆ ఇండ్లోళ్లు ఎవరన్న దొరికితే, ఆ దినం ఏడికి పోయిన్రో వాళ్లనే రాయమంట. పదహారు అయినయి."

"మాదొక్కటేనా మిగిలింది?"

"మీదొక్కటే. మొదలైంది గూడ మీ తలుపు కాడనే."

ఆయన చెప్పింది ఇది. ఆ రోజు 4-37కు ఒక ఉత్తరం ఉంది. తలుపుకు తాళం. మామూలుగా చేసినట్టే తలుపు కింది సందులోంచి తోశాడు. నేల ఎగుడుదిగుడుగా ఉండి సగమే లోపలికి పోయింది, సగం బయట ఉండిపోయింది. ఊరంతా తిరిగి అదే దారిన వాపసు వచ్చేసరికి ఆ సగం లేదు. తాళం తాళంలాగే ఉంది.

"గాలికి పోయిందా? ఎవరన్న గుంజుకున్నరా? అడిగితే నా తప్పు బయటపడతదని అడగలే, అంతల మీరు ఊరు ఇడిచిన్రు. పోస్ట్‌మాన్‌ను గద, ఉత్తరం ముట్టిందో లేదో తెల్వకపోతే నిద్రపట్టదు. అది యాది చేసుకుంట చేసుకుంట ఆ దినమంతా యాదికొచ్చింది. అట్ల ఎనభై ఏడు ఇండ్లు నేను రాసిన, పదహారు వాళ్లు రాసిన్రు. ఆ ఒక్కటి నాకు తెల్వదు. మీ నాయినను అడుగు."

నాయినతో రాయించుకొస్తాను, ఆ కాపీ ఒక్క పూటకు ఇవ్వమని బతిమాలాను. డిపాజిట్ ఇస్తానన్నాను. బదులుగా దుకాణంలో ఏ గుడ్డ కావాలంటే ఆ గుడ్డ అన్నాను. లేచి నాలుగడుగులు నడిచి కూడా చూశాను. వెనక్కి పిలవలేదు. బేరంలో ఓడిపోయి సంతోషంగా నడిచివచ్చిన దారి నాకు అదొక్కటే.

తిరిగి ఇంటికి

నాయిన గుమ్మంలోనే ఉన్నాడు. సగం ఉత్తరం సంగతి చెప్పాను. ఆయనకు మెల్లగా నవ్వు మొదలైంది.

"తలుపు సందులకెల్లి ఖాకీ ప్యాంటు అంచులు కనబడ్డయి. పెంటన్న అని తెల్సు. ఊపిరి బిగబట్టిన."

"నువ్వు లోపలున్నవా?"

"ఉన్న. మీ మామ పట్నంల దుకాణం చూస్తనని, దొరకంగనే జాబు రాస్తనని చెప్పిండు. నాకు ఊరు ఇడవబుద్ధి గాలె. జాబు చేతికి ముట్టకపోతే పోయే పనుండదు గద. తపాలా వచ్చే దినం మీ అమ్మతోని బయట తాళం ఏయించి నేను లోపల కూసున్న."

"మరి గుంజుకున్నదెవరు?"

"నేనే. సగం ఉత్తరం కండ్ల ముంగట ఉంటే ఎవడు ఊకుంటడు?"

మా అమ్మ చదువుకోలేదు. సాయంత్రం తాళం తీసి లోపలికి వచ్చి, ఉత్తరంలో ఏముందని అడిగింది. దుకాణం దొరకలేదట అని నాయిన చదివి ఉంటే ఆమెకు తెలిసేది కాదు. నేను ఆ మాటే అన్నాను.

"బేరంల అబద్ధం ఆడొచ్చు. గిరాకీకి తెల్సు ఆడుతున్నమని, మనకు తెల్సు వాళ్లకు తెల్సని. జాబు చదివేటప్పుడు ఎట్ల ఆడుతరు?" అన్నాడు నాయిన. "ఉన్నదున్నట్టు చదివిన. నెల తిరక్కముందే సామాను కట్టినం."

నూటనాలుగు తలుపుల్లో నేను చదివిన వాటిల్లో ఇంత మంచి అధ్యాయం లేదు. ఇది పుస్తకంలో లేదని ముందు బాధ కలిగింది. తరువాత, ఆ పుస్తకమంతా దీని చుట్టూ కట్టిన ఇళ్లే కదా అనిపించి, ఆ రాత్రి ఎవరైనా అడిగితే పదిహేను రూపాయల పుస్తకాన్ని వెయ్యికి కూడా ఇచ్చేదాన్ని కాదు.

మర్నాడు ఆటో పిలిచాను. మన్సూరాబాద్‌కు నూట యాభై అన్నాడు. ఇచ్చేద్దామని నేను ఎక్కబోతుంటే, కర్ర ఊతంగా నిలబడ్డ నాయిన వందకు దించి, అప్పుడు ఎక్కాడు.

ఆకుపచ్చ గేటు ఆ రోజు మూసి ఉంది. నాయిన తట్టలేదు, పిలవలేదు, గడప ముందు నిలబడ్డాడు. లోపల చెప్పుల చప్పుడైంది. గేటు కింది సందులోంచి రెండు పాదాలు కనపడ్డాయి, అక్కడే ఆగాయి.

"ఎవరు?"

"4-37."

గేటు వెంటనే తెరుచుకోలేదు. అవతలి నుంచే పెంటయ్య అడిగాడు.

"ఉత్తరం ముట్టిందా నర్సయ్యా?"

"ముట్టింది పెంటన్నా. ఆ దినమే ముట్టింది."